రేనో నీలం కార్డు

మా పక్కింటి రేనో కంగస్ ముప్పై నాలుగేళ్ళు మా ఊరు డలూత్ రేవులో ఓడలకు ఇనుప ఖనిజం ఎత్తించిన మనిషి. ఎన్ని టన్నులు పడ్డాయో కాగితం చూడకుండా, ఓడ నీళ్ళలో ఎంత దిగిందో చూసి చెప్పేవాడని పేరు. రిటైరైన వారానికే కంప్యూటరు కొన్నాడు. మనవల ఫోటోలు చూసుకోవడానికా అంటే పిల్లలే లేరు. భార్య ఎల్మా అంతకు నాలుగేళ్ళ ముందే పోయింది. ఇంటి లెక్కలు చూసుకునే ప్రోగ్రాం ఒకటి డబ్బాలో పెట్టి అమ్ముతున్నారని తెలిసి, దానికోసం కొన్నాడు. ఆ చలికాలమంతా దాని ముందే కూర్చున్నాడు. మంచు కరిగి చేపల కాలం వచ్చేసరికి కరెంటు, ఫోను, క్రెడిట్ కార్డు, ఇంటి బీమా, అన్నీ ఏ తారీఖుకి ఆ తారీఖున వాటంతటవే కట్టుకుంటున్నాయి.

తనకు తెలిసింది నలుగురికీ చెప్పకపోతే ఆయనకు తిండి సహించదు. శనివారం పొద్దున చర్చి కింది గదిలో, కాఫీ కెటిలు పక్కన కంప్యూటరు పెట్టుకుని కూర్చునేవాడు. మేమొక డజను మందిమి చుట్టూ చేరేవాళ్ళం. నేను బడి వంటశాలలో గరిటె తిప్పే మనిషిని, లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. అలాంటి నాకు కూడా నేర్పాడు. "మనిషికి మతిమరుపుంది, మిషనుకి లేదు. ఒక్కసారి దానికి నేర్పండి, మీరు చేపలు పట్టుకోడానికి పొండి," అనేవాడు.

నేర్పినా సరిగ్గా నేర్చుకోనివాళ్ళుంటారు కదా. మా శనివారం గుంపులో ఆర్విల్ అలాంటివాడు. కార్డు డబ్బు నెలనెలా కట్టినట్టు ప్రోగ్రాంలో దానంతటదే రాసుకునేలా పెట్టుకుని, మూడు నెలలు నిశ్చింతగా నిద్రపోయాడు. నాలుగో నెల కార్డువాళ్ళ దగ్గర్నుంచి ఎర్రక్షరాల ఉత్తరం వచ్చింది. అది పట్టుకుని లబలబలాడుతూ వచ్చాడు.

"మిషను రాస్తూనే ఉంది కదయ్యా! చూడు, జూన్ కట్టాను, జులై కట్టాను!"

"రాసింది. ఎక్కడ రాసింది? నీ పుస్తకంలో. బ్యాంకుకి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదా?"

"మా ఆవిడ ముద్దు పెట్టింది అని డైరీలో రాసుకుంటే నీ బుగ్గ తడుస్తుందా, ఆర్విల్? పుస్తకంలో రాయడం వేరు, కట్టడం వేరు. రెండూ నేర్పాలి."

ఆ తర్వాత ఏ ఇంట్లో ఎవరు ఏది మరిచిపోయినా "ఆర్విల్ ముద్దు" అనడం మాకు అలవాటైపోయింది. పాపం ఆర్విల్ భార్య ఆ మాట అర్థమేమిటని నన్ను రెండుసార్లు అడిగింది, నేను చెప్పలేదు.

ఇంత మిషను పిచ్చి ఉన్న రేనోకి మిషను మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. అది సెంట్లతో సహా కడుతుంది. నలభై రెండు డాలర్ల పది సెంట్లు బిల్లయితే నలభై రెండూ పదీ కడుతుంది. ఆయన చెక్కులు రాసే రోజుల్లో అలా ఎన్నడూ కట్టలేదట. నలభై మూడు కట్టేవాడట. "మిగతా తొంభై సెంట్లూ వాళ్ళు నాకు బాకీ. బాకీ ఉన్నవాడు పొగరుగా ఉత్తరం రాయలేడు," అని ఆయన సిద్ధాంతం. మేం నవ్వేవాళ్ళం. మిషనుకి ఈ ఒక్కటీ నేర్పలేకపోయానని ఆయన నిజంగానే బాధపడేవాడు.

రేనో దగ్గర ఇంకో కార్డుందని మాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. నీలం రంగుది. దాన్నెప్పుడూ జేబులో పెట్టుకుని తిరగలేదు, దాంతో ఏదీ కొనగా చూడలేదు. కానీ ప్రతి నెలా పద్దెనిమిదో తారీఖున ఇంటి తలుపు మూసుకుని, ఫోను కూడా ఎత్తకుండా, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఒక్క కార్డు లెక్కతో కూర్చునేవాడు. దాన్ని మిషనుకి అప్పగించలేదు. చేత్తో ఒక్కో వరుసా కొట్టి, చేత్తోనే డబ్బు పంపేవాడు. ఓసారి నేను అడిగేశాను.

"ఊరందరికీ పంతులుగారు మీరు. మీ కార్డు మీరే చేత్తో కట్టుకోవడమేంటి?"

"అదంతే, అమ్మాయ్."

"అదంతే అంటే?"

"అదంతే అంటే అంతే."

నాకు అరవై దగ్గరపడుతున్నా ఆయనకు నేను అమ్మాయినే. ఆ మాటతో నోరు మూయించగలనని ఆయన నమ్మకం. నోరైతే మూశాను గానీ, నాకు ఆరా ఎక్కువ, ఒప్పుకుంటాను. వంతెన అవతలి ఊళ్ళో ఎవతో ఉందని ఆర్విల్ అన్నాడు. జూదమేమోనని ఇంకొకరన్నారు. నాకు రెండూ నచ్చలేదు. ఎందుకంటే ఒక నవంబరులో రేనోని నేను ఇనప సామాన్ల కొట్లో చూశాను. చేతిలో క్యాలిక్యులేటరుంది. ఒక్కో సామాను తీసి, ధర చూసి, ఏదో నొక్కి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ అరలో పెడుతున్నాడు. గంటసేపు అలా తిరిగి ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. మరోసారి నూలు బంతులమ్మే కొట్లో, అంతమంది ఆడవాళ్ళ మధ్య, అదే క్యాలిక్యులేటరుతో కనిపించాడు. జూదగాడు నూలు కొట్టుకి దేనికి వెళ్తాడు?

డెబ్బై ఎనిమిదో ఏట ఆయన తుంటి ఎముక అరిగిపోయింది. జనవరి పదహారున ఆపరేషనన్నారు. పదిహేనో తారీఖు ఆదివారం నన్ను పిలిచి, కాఫీ పోసి, ఎదురుగా కూర్చోబెట్టి కంప్యూటరు నా వైపు తిప్పాడు.

"మిగతావన్నీ వాటంతటవే కట్టుకుంటాయి. ఈ ఒక్కటీ నువ్వు చూడాలి. పదిహేడున లెక్క మూస్తారు. పద్దెనిమిదిన నువ్వు కట్టాలి. చేత్తో. పైకి సర్ది, నిండు డాలర్లు."

తెర మీద నీలం కార్డు పద్దులు పన్నెండేళ్ళవి ఉన్నాయి. తారీఖు, కొట్టు పేరు, సొమ్ము, పక్కన చిన్న గడిలో రేనో రాసుకున్న ముక్క. కొట్లు చాలావరకు నాలుగు గంటల దూరంలోని ఫార్గోవి, కొన్ని నదికి ఇవతలి మూర్‌హెడ్‌వి. రేనో ఫార్గో వెళ్ళగా నేను చూడలేదు. ఒక వరుస చదివాను. మందుల కొట్టు, పద్నాలుగు డాలర్ల ఇరవై. పక్కన గడిలో: 'ఈ నెల రెండోసారి. దగ్గు తగ్గలేదా?' ఇంకోటి. మసాలా దినుసుల కొట్టు, డిసెంబరు మొదటి వారం. 'యాలకులే. పుల్లా చేస్తోంది.' పుల్లా అంటే యాలకులు వేసి జడలా అల్లి కాల్చే రొట్టె, ఫిన్లండ్ నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళలో క్రిస్మస్‌కి తప్పనిసరి. జూన్ తొమ్మిది, పూల కొట్టు. 'అమ్మ పోయిన రోజు. మరిచిపోలేదు.'

"ఎవరండీ ఈవిడ?" అన్నాను.

"మా అక్క. ఐలి."

"మీకు అక్క ఉందా? ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదే!"

"మాట్లాడుకుని ఇరవై ఆరేళ్ళయింది. ఏం చెప్పను?"

మెల్లిగా చెప్పుకొచ్చాడు. వాళ్ళ నాన్న సరస్సు ఒడ్డున ఒక చిన్న ఇల్లు, దాని పక్కన తన చేతులతో దుంగలు కోసి ఒక సౌనా కట్టాడట. ఆవిరి స్నానం గది అన్నమాట. ఆయన పోయాక రేనో పందొమ్మిది వేలకి ఆ ఇల్లు, సౌనా కలిపి అమ్మేశాడు. అక్కను అడగలేదు. సగం డబ్బుకి చెక్కు పంపితే ఆవిడ దాన్ని ముక్కలు చేసి, అదే కవర్లో తిప్పి పంపింది. అంతే, తెగిపోయింది. తర్వాత పదమూడేళ్ళకి ఆవిడ భర్త పోయాడని, చేతిలో ఏమీ లేదని ఎవరో చెప్పారు. చెక్కు పంపితే మళ్ళీ చింపేస్తుందని తెలుసు. తన ఖాతా మీదే రెండో కార్డు ఆవిడ పేరున తీయించి, ఉత్తరం లేకుండా ఉత్త కార్డు పంపాడు.

"పదకొండు నెలలు వాడలేదు. పారేసిందనుకున్నా. ఓ నవంబరు రోజు, ఇదిగో చూడు," అంటూ మొట్టమొదటి వరుసకు తీసుకెళ్ళాడు. ఇనప సామాన్ల కొట్టు, ఫార్గో, ఇరవై రెండు డాలర్ల పద్నాలుగు సెంట్లు. పక్కన గడిలో: 'మంచు పార.'

"పారని ఎలా తెలుసు?"

"పన్ను తీసేసి, ఆ ధరకి ఏమొస్తుందో వెతికా. ఇక్కడి కొట్టంతా వెతికా. పారొకటే సరిపోయింది."

నేను చూసిన ఆ నవంబరు రోజు వెతికింది ఈ పార కోసమేనా, మరో సామాను కోసమా, అడగలేదు.

"నూరు డాలర్లు ఏ నెలా దాటదు. తిండికి చాలని మనిషి కాదు ఇప్పుడు. అయినా నెలకోసారైనా ఏదో ఒకటి కొంటుంది. పద్దెనిమిదిన నేను కడతా, పైకి సర్ది. కార్డు వెనకాల ఫోను నంబరుంటుందిగా, దానికి చేస్తే మిషను గొంతు చెబుతుంది, ఫలానా తారీఖున ఇంత ముట్టింది అని. అది వింటుందని నాకు నమ్మకం."

"వింటుందని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేను మొదటిసారి ఇరవై మూడు కట్టాను. ఎనభై ఆరు సెంట్లు ఎక్కువ. మరుసటి నెల పోస్టాఫీసులో సరిగ్గా ఎనభై ఆరు సెంట్లకి స్టాంపు బిళ్ళలు కొంది. అదీ, కార్డు మీద!" అంటూ ముసలాయన నవ్వాడు. అంత బాగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఒక్క ఫోను చేస్తే పోయేదానికి పన్నెండేళ్ళుగా ఈ తతంగమంతా ఎందుకని నాకు అనిపించింది. తమ్ముడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, అక్క పట్టినదానికీ మూడే. అయినా కట్టి తీరతానని మాటిచ్చాను.

మరి మాట నిలబెట్టుకున్నానా? లేదు. పద్దెనిమిదో తారీఖున ఆస్పత్రి నుంచి వచ్చి రేనో కంప్యూటరు ముందు కూర్చున్నాను. అరవై నాలుగు డాలర్ల ముప్పై ఏడు సెంట్లు. కట్టబోతుంటే కార్డువాళ్ళ పేజీలో ఓ మూల కనిపించింది: ప్రతి నెలా దానంతటదే కట్టమంటారా? మనిషికి మతిమరుపుంది, మిషనుకి లేదు. నేర్పింది ఆయనే కదా. వచ్చే నెలకీ, ఆపై నెలకీ ఇబ్బంది లేకుండా మొత్తం బాకీ కట్టేలా నొక్కేశాను. ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ ఇంటికెళ్ళి సూపు కాచుకున్నాను. ఆ మిషను గడువు రోజున, అంటే ఫిబ్రవరి పదకొండున కడుతుందని కింద చిన్నక్షరాల్లో ఉంది. చదివాను కూడా. గడువులోపల కడితే చాలదా అనుకున్నాను.

మర్నాడు రేనో అడిగాడు. "కట్టావా, బెవ్?"

"ఆఁ."

"అరవై అయిదేగా?"

"ఆఁ," అన్నాను. సగం అబద్ధానికి సిగ్గుంటుంది, నిండా అబద్ధమాడాక అదీ ఉండదు.

వారంలో ఇంటికి రావాల్సిన మనిషికి కుట్ల దగ్గర చీము పట్టింది. మందులు మార్చారు, వారాలు గడిచాయి. రోజూ నేను వెళ్ళగానే ఆయన అడిగే మొదటి మాట ఒకటే, "అక్క ఏం కొంది?" నా చిన్న కంప్యూటరులో కార్డు పేజీ తెరిచేదాన్ని. ఎవరైనా ఏదైనా కొంటే గంటలో అందులో పడుతుంది. జనవరి ఇరవై దాటాక ఏమీ పడలేదు. జనవరి ముగిసింది, ఫిబ్రవరి మొదటి వారం కూడా అయిపోయింది. మందుల కొట్టు లేదు, కిరాణా లేదు, పోస్టాఫీసు బిళ్ళ కూడా లేదు.

"ఫార్గోలో మైనస్ ముప్పై అట. ఎనభై ఒకటి దానికి," అన్నాడు రేనో. నడిపించడానికి నర్సొస్తే నడవనన్నాడు. సూపు చల్లారిపోయేది.

నేనే ఫోను చేశాను. నంబరు ఆయన దగ్గరే ఉంది, పర్సులో, ఇరవై ఆరేళ్ళ నాటి కాగితం ముక్క. మూడు రోజులు చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఆవిడ కొనడం సరిగ్గా ఎప్పుడు ఆగిందా అని తారీఖులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. నేను కట్టాల్సిన పద్దెనిమిదికి సరిగ్గా రెండ్రోజుల తర్వాత. ఫిబ్రవరి పది, శుక్రవారం పొద్దున వెళ్ళి మంచం పక్కన కూర్చుని, చేసిందంతా చెప్పేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేను తిట్టుకుంటూనే చెప్పాను.

రేనో వేళ్ళ మీద తారీఖులు లెక్కపెట్టుకున్నాడు.

"అంటే జనవరిలో దానికి నా దగ్గర్నుంచి ఏమీ వెళ్ళలేదు."

"రేపు వెళ్తుంది. ఆపేసి చేత్తో కడదామని చూశాను, కుదరదట, ఒకరోజు ముందు ఆపడానికి లేదట."

"రేపు ఎంత వెళ్తుంది?"

"అరవై నాలుగు, ముప్పై ఏడు."

"సెంట్లతో," అన్నాడు. అని గోడవైపు తిరిగాడు. ఆపరేషనయిన తుంటితో అటు తిరగడం ఎంత నొప్పో నాకు తెలుసు. తిట్టినా బాగుండేదనిపించింది. కాసేపు కూర్చుని, లేచి వచ్చేశాను.

సోమవారం పదిన్నరకి, ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియకపోయినా, వెళ్ళాను. ఆయన అడగలేదు. నేనే అలవాటుగా పేజీ తెరిచాను. ఒక కొత్త వరుస ఉంది.

"పెట్రోలు బంకు, మూర్‌హెడ్. ముప్పై ఒకటి ఇరవై," అని చదివాను.

రేనో తల ఇటు తిప్పాడు. "మళ్ళీ చదువు."

చదివాను.

"అక్క పెట్రోలు ఎప్పుడూ పదిహేను దాటి కొట్టించదు. చర్చికీ కిరాణాకీ తప్ప కారు తీయదు. ముప్పై ఒకటా? ట్యాంకు నింపింది." కొంచెంసేపు ఆలోచించాడు. "మూర్‌హెడ్ దేనికొచ్చినట్టు? పొద్దున్నే?"

పదకొండున్నరకి ఇంకోటి పడింది. వడీనా, కాఫీ హోటలు, తొమ్మిది డాలర్ల ఎనభై అయిదు. వడీనా ఫార్గోకి తూర్పున, మా వైపు వచ్చే రోడ్డు మీద ఉంది. నేనూ ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పైకి అంటే ఎక్కడ కాకుండా పోతుందోనని మళ్ళీ తెర వైపే తిరిగాం. ఒకటిన్నరకి ఎయిట్‌కిన్, పెట్రోలు బంకు, రెండు డాలర్ల పది.

"రెండు డాలర్లకి పెట్రోలేంటి?" అన్నాను.

"పెట్రోలు కాదే, మొద్దూ! కళ్ళద్దాల్లోకి మంచు వెలుగు కొడుతుంటే ఆగి కాఫీ తాగింది. ఇంకో గంటన్నర." మంచం పట్టీ పట్టుకుని లేచి కూర్చున్నాడు. "బెవ్, నువ్విక్కడ ఏం చేస్తున్నావు? నా ఇంటికి పో. అక్కకి తెలిసింది ఆ ఇల్లొక్కటే. తలుపు కొడుతుంది, ఎవరూ లేకపోతే వెనక్కి తిప్పేస్తుంది కారు. దాని సంగతి నాకు తెలుసు. మళ్ళీ రాదు. పో!"

నా బతుకులో అంత వేగంగా ఎప్పుడూ కారు నడపలేదు. రేనో ఇంటి మెట్ల మీద మంచు ఊడ్చి, అక్కడే నిలబడ్డాను. చలికి కాళ్ళు కొయ్యబారాయి గానీ లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. మూడు దాటాక గోధుమ రంగు పాత కారొకటి వీధిలోకి వచ్చి, మెల్లిగా నంబర్లు చదువుకుంటూ ఆగింది. అందులోంచి ఉన్ని టోపీ పెట్టుకున్న పొట్టి ముసలావిడ దిగింది. దిగి, నన్నూ, మూసిన తలుపునీ చూసింది. కారు తలుపు వదల్లేదు.

"వాడు పోయాడా?" అని అడిగింది.

"లేదండీ! ఆస్పత్రిలో ఉన్నారు, తుంటి ఆపరేషను. బాగానే ఉన్నారు. నేను పక్కింటిదాన్ని."

ఆవిడ కారుకి ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత కళ్ళు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే ఆ సెంట్లు కట్టింది నువ్వేనా?"

ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో చెప్పింది. ప్రతి నెలా ఇరవయ్యో తారీఖున ఆ నంబరుకి ఫోను చేసి, మిషను గొంతు చెప్పేది వింటుందట. జనవరిలో ఏమీ ముట్టలేదని అది చెప్పిందట. తమ్ముడి చేతిలో డబ్బు ఆడటం లేదేమో, తనెందుకు భారమవ్వాలని కొనడం మానేసింది. అప్పట్నుంచి రోజూ వింటూనే ఉంది. నా ఫోన్లు మోగుతుంటే విందట కూడా. "తెలియని నంబర్లు నేనెత్తను. అందరూ ఏదో ఒకటి అమ్మేవాళ్ళే," అంది. ఆదివారం రాత్రి మళ్ళీ చేస్తే అరవై నాలుగు డాలర్ల ముప్పై ఏడు సెంట్లు ముట్టిందని గొంతు చెప్పింది.

"సెంట్లు కట్టే మనిషి కాదు మా వాడు. వాడి చేతిలోంచి ఇంకెవరో లాగేసుకున్నారు లెక్క, అనుకున్నా. అంటే మంచం పట్టి ఉండాలి, లేకపోతే పోయి ఉండాలి. పొద్దున్నే బయల్దేరా."

ఆస్పత్రి గదిలో రేనో తల దువ్వుకుని కూర్చునున్నాడు. నర్సుని పట్టుకుని గడ్డం కూడా గీయించుకున్నట్టున్నాడు, చెవి కింద నురగ మిగిలిపోయింది. ఐలి గుమ్మంలో ఆగిపోయింది. ఇద్దరూ చూసుకున్నారు. నేను బయటికి వెళ్ళాలో, ఉండాలో తేల్చుకోలేక కంప్యూటరు పట్టుకుని మూల నిలబడ్డాను.

"ఏరా," అంది ఐలి. "నా అరవై మూడు సెంట్లేవి?"

రేనో నోట్లోంచి వచ్చింది ఇది:

"అక్కా, వడీనాలో తొమ్మిది ఎనభై అయిదుకి ఏం తిన్నావు?"

"నువ్వే చెప్పు చూద్దాం. నీకన్నీ తెలుసనుకుంటావుగా."

"కాఫీ. ఆపిల్ పై. అందులో డాలరున్నర టిప్పు."

"టిప్పు రెండు. ఆపిల్ పై కాదు, గుడ్లు." కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. చేతి సంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని ఉంది. "ఇంకా ఏమేం అనుకున్నావో చెప్పు."

రేనో నాకేసి చూశాడు. నేను ఆయన పద్దుల ఫైలు తెరిచి, అన్నిటికంటే పైకి, పన్నెండేళ్ళ కిందటి మొదటి వరుసకి తీసుకెళ్ళాను.

"ఇనప సామాన్ల కొట్టు, ఇరవై రెండు పద్నాలుగు," అన్నాడు తెర చూడకుండానే. "మంచు పార. ఆ ధరకి ఇంకేదీ రాదు."

ఐలి తల అడ్డంగా ఊపింది.

"పార కాదురా. చెక్క బకెట్టు. నాన్న సౌనాలో ఉండేదే, అచ్చం అలాంటిదే, అద్దంలోంచి కనిపిస్తే లోపలికెళ్ళి కొన్నా. డబ్బు లేదు, నీ కార్డుంది. వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లడానికి సౌనా ఏది, నువ్వు అమ్మేశావుగా? గుమ్మం దగ్గర పెట్టి గొడుగులు వేసుకుంటున్నా."

రేనో దుప్పటి అంచు సర్దుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడం మాకు కనబడకూడదని కిటికీ వైపు చూస్తూ తుడుచుకున్నాడు. ఐలి సంచి వదిలి, చెయ్యి చాపి, ఆయన చెవి కింద మిగిలిన నురగ బొటనవేలితో తుడిచింది.

"అడగాల్సింది, అక్కా," అన్నాడు రేనో. "అమ్మేముందు అడగాల్సింది."

"అడగాల్సింది," అంది ఐలి.

కాసేపయ్యాక ఆయన నావైపు తిరిగాడు. "బెవ్, చూస్తావేంటి, దిద్దు. పార కాదు, బకెట్టు."

దిద్దాను. అక్షరాలు మసకబారి రెండుసార్లు తప్పు కొట్టాను. ఐలి ముందుకు వంగి తెరలోకి చూసింది.

"తర్వాతది చదువమ్మా," అంది.